ఐదో అంతస్తులో విరిగిన పట్టీలు

ఏం ఉద్యోగం చేస్తావని ఎవరైనా అడిగితే మెటీరియల్ టెస్టింగ్ అంటాను. అంటే ఏమిటని ఇంకా అడిగితే, వస్తువుల్ని విరగ్గొడతాను అంటాను. ఆ తర్వాత ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు.

గాలిమర రెక్కలు, డ్రోన్ చేతులు, బస్సుల్లో లోపలి పలకలు ఇప్పుడు చాలావరకు పోగులతో చేస్తున్నారు. వెంట్రుక కంటే సన్నని కార్బన్ పోగుల్నో గాజు పోగుల్నో రెజిన్ అనే బంకలో తడిపి, పొర మీద పొర వేసి, వేడిలో నొక్కి గట్టిపరుస్తారు. అలా చేసిన పలక ఎంత లాగుడుకి ఆగుతుందో తెలియాలంటే దానిలోంచి వేలెడు వెడల్పు పట్టీలు కోసి, మిషన్ దవడల మధ్య బిగించి, తెగేదాకా లాగాలి. ఎంత బలానికి తెగిందో రాసుకోవాలి. ఎక్కడ తెగిందో కూడా రాసుకోవాలి. ఈ రెండోదే అసలు పని. పట్టీ నడుమన తెగితే ఆ అంకె పలకది. దవడ అంచున తెగితే ఆ అంకె మా చేతకానితనానిది.

ఈ సంగతి నాకు నేర్పింది కాలేజీ కాదు, బాలానగర్‌లోని రేకుల షెడ్డు. అక్కడ మిషన్ నడిపే పెద్దాయన ఉండేవాడు. వికారాబాద్ వైపు మనిషి. ఏళ్ళ తరబడి ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసి, అది మూతపడ్డాక మా షెడ్డుకు వచ్చాడు. నేను ఆయన్ని కాకా అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. పట్టీని మిషన్‌లో బిగించి, స్క్రీన్ వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని చెవి పెట్టేవాడు. పోగులు ఒక్కొక్కటే తెగుతుంటే పేలాలు వేగినట్టు చిటపటలు వస్తాయి. "ఇగ అయితది," అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపు పట్టీ ఢామ్మని పేలేది. మిషన్ ఇచ్చే గీత కంటే నాకు ఆయన చెవి మీదే నమ్మకం ఎక్కువ. కానీ చెవిని రిపోర్టుకు జతచేయడం కుదరదు.

అంతా బాగానే ఉందనుకుంటున్నప్పుడు మా షెడ్డును హైటెక్ సిటీలోని ఒక డిజైన్ కంపెనీ కొన్నది. వాళ్ళు కంప్యూటర్ల మీద గాలిమర రెక్కలు గీసేవాళ్ళు. గీసినవి నిజంగా నిలబడతాయా అని కస్టమర్లు అడగడం మొదలుపెట్టేసరికి, తమ దగ్గర కూడా ఒక మిషన్ ఉందని చూపించుకోవాల్సి వచ్చింది. చూపించుకోవాలి కాబట్టి అది బాలానగర్‌లో ఉంటే లాభం లేదు. ఐదో అంతస్తులో, లిఫ్టు దిగగానే కనబడేచోట, అద్దాల గదిలో ఉండాలని నిర్ణయించారు.

నా మటుకు నేను సంబరపడ్డాను. మా ఇల్లు గోపన్‌పల్లిలో. బాలానగర్ వెళ్ళడానికి పట్టే సమయంలో సగంలో ఆఫీసుకు చేరొచ్చు. ఏసీ ఉంటుంది. క్యాంటీన్‌లో మూడు రకాల కాఫీ ఉంటుంది. షెడ్డులో ఒకటే రకం ఉండేది, దాన్ని టీ అని కూడా అనేవాళ్ళం.

కొత్త ఆఫీసులో మొదటిరోజు కాకకూ నాకూ ఒక పాఠం చెప్పారు. ఇక్కడ సార్, మేడం లేవు, చిన్నా పెద్దా లేదు, అందరూ అందరినీ పేరు పెట్టి పిలవాలి అన్నారు. కాక తలూపాడు. ఆ తర్వాత ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తనని కాదనుకుని తన పని తాను చేసుకునేవాడు. మూడుసార్లు పిలిచి, నాలుగోసారి వచ్చి భుజం తట్టేవాళ్ళు. నేను మాత్రం చుట్టూ ఎవరున్నారో చూసుకుని కాకా అనేదాన్ని. ఆయనేమో బిడ్డా అనడం మానేసి, నన్ను మేడం అనడం మొదలుపెట్టాడు. అదెందుకని అడిగితే, "గీడ నేల గింత నున్నగున్నది. బిడ్డా అంటే జారిపడతనేమో అనిపిస్తది," అన్నాడు.

మిషన్ రావడమే ఒక తతంగం. అది సామాన్ల లిఫ్టులో పట్టలేదు. పై భాగం మొత్తం విప్పి, పై దవడను వేరే పెట్టెలో పెట్టి, ఐదో అంతస్తులో మళ్ళీ బిగించారు. బిగించింది గదికి అద్దాలు పెట్టినవాళ్ళే. అద్దాలు సూటిగానే పెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి.

మా మేనేజరు రాజమండ్రి మనిషి. మర్యాదస్తుడు, గొంతు పెంచడం తెలియనివాడు. చెడు వార్త వినాల్సి వస్తే నీళ్ళు తాగేవాడు. ఆయన దగ్గరికి కాక ఆరోజే వెళ్ళాడు.

"ఇప్పి మళ్ళ బిగించినం గద సార్. పై దవడ, కింది దవడ ఒక్క గీతల ఉన్నయో లేవో చూడాలె. జర పక్కకు జరిగినా పట్టీ వంగుతది."

"క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంది కదండీ?"

"ఉన్నది సార్. అది బాలానగర్‌ల ఏసిన్రు."

"ఇంకా నాలుగు నెలలు వాలిడిటీ ఉందండి. చూశాను."

కాక నా వైపు చూశాడు. నేను స్టిక్కర్ వైపు చూశాను. నాలుగు నెలల గడువు నిజంగానే ఉంది. అది మిషన్ బలాన్ని సరిగ్గా కొలుస్తుందని చెప్పే స్టిక్కరే గానీ, దవడలు ఎదురెదురుగా ఉన్నాయని చెప్పేది కాదని నాకు తెలుసు. విప్పి బిగించాక అదీ మళ్ళీ చూడాలనీ తెలుసు. ఆరోజు క్యాంటీన్‌లో కొత్తగా పుట్టగొడుగుల సూప్ పెట్టారు, వేడిగా ఉన్నప్పుడే బాగుంటుందన్నారు. నేను సూప్ తాగడానికి వెళ్ళాను.

పని మొదలైన మొదటి వారంలోనే కింది అంతస్తు నుంచి ఫిర్యాదు వచ్చింది. కార్బన్ పట్టీ తెగితే పటాసు పేలినట్టే ఉంటుంది. కింద ఒక బ్యాంకుకు ఫోన్ సేవలు చేసే ఆఫీసు ఉంది. మా మొదటి పట్టీ తెగినప్పుడు వాళ్ళలో కొందరు బల్లల కింద దూరారట. భవనం నిర్వహణ వాళ్ళు మాకు చాలా వినయంగా మెయిల్ రాశారు. మీ టెస్టింగ్‌ను మేము ఎంతో గౌరవిస్తాం, కాకపోతే కొంచెం నెమ్మదిగా విరిగే నమూనాలు వాడగలరా అని అడిగారు. మేనేజరు దాన్ని నాకు పంపి, సాధ్యాసాధ్యాలు పరిశీలించండి అన్నాడు. నేను పరిశీలించి, సాధ్యం కాదని రెండు పేజీలు రాశాను. చివరికి మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రమే విరగ్గొట్టాలని ఒప్పందం కుదిరింది. ఆ నెలలన్నీ మేం ఆకలితోనే పనిచేశాం.

పట్టీలు కోసే పని మాత్రం ఐదో అంతస్తుకు రాలేదు. కోస్తే నల్లటి దుమ్ము లేస్తుంది, తెల్లటి సోఫాలు పాడవుతాయి. అందుకని కాక పొద్దున బాలానగర్ వెళ్ళి, పాత షెడ్డులో పట్టీలు కోసి, వాటి చివరలకు పట్టు కోసం గాజుపోగుల ముక్కలు అంటించి, అన్నీ ఒక డబ్బాలో సర్దుకుని పదకొండింటికి ఆఫీసుకు వచ్చేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు రోజూ ఆ డబ్బా తెరిపించి, ఏందివి అని అడిగేవాళ్ళు. "బలం చూసేటివి," అనేవాడు. వాళ్ళు ఒకటి తీసి వంచి చూసి, వంగకపోతే లోపలికి పంపేవాళ్ళు. ఒక విధంగా అదీ టెస్టింగే.

ఇక మాటల సంగతి. ఆ ఏడాది కంపెనీ సానుకూల భాష ఉద్యమం మొదలుపెట్టింది. మెయిళ్ళలో, రిపోర్టుల్లో మనసు కుంగదీసే మాటలు ఉండకూడదన్నారు. ఒక జాబితా పంపారు. అందులో మొదటి మాట ఫెయిల్యూర్. కోడ్ రాసుకునేవాళ్ళకు దానితో పెద్ద చిక్కు లేదు. మా రిపోర్టులో ప్రతి పట్టీకీ ఎదురుగా ఉండేది ఆ మాటే. ఫెయిల్ కాని పట్టీ అంటే ఇంకా పరీక్ష పూర్తికాని పట్టీ అని అర్థం.

మేనేజరు నన్ను పిలిచి, "మన టెంప్లేట్‌లో ఒక పేజీలో పదకొండుసార్లు ఫెయిల్ అని ఉందండి. కస్టమర్‌కి ఏం ఫీలింగ్ వస్తుంది చెప్పండి," అన్నాడు.

"అది పరీక్ష పేరండి. తెగితేనే కదా తెలిసేది."

"తెగడం వద్దనడం లేదండీ. మాట మార్చుకుందాం అంటున్నాను."

మార్చాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, చాలా బాగా మార్చాను. ఇంగ్లీషులో రాసినవాటిని తెలుగులో చెబితే ఇలా ఉంటాయి. పట్టీ తెగితే, తన ప్రయాణం ముగించింది. పొరలు ఊడిపోతే, పొరలు స్వతంత్రంగా పనిచేశాయి. అంటించిన ముక్క జారితే, పట్టు కొత్త స్థానాన్ని ఎంచుకుంది. ఆ నెల నాకు బహుమతి ఇచ్చారు. నక్షత్రం ఆకారంలో ఉన్న అద్దం ముక్క, కింద చెక్క పీట. అందరూ చప్పట్లు కొట్టారు. కాక కూడా కొట్టాడు. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని అంచులు తడిమి, "గిది మన మిషన్ల బిగిస్తే నిమిషం ఆగది," అన్నాడు.

అప్పుడే విశాఖపట్నం నుంచి ఒక పెద్ద పని వచ్చేలా కనబడింది. గాలిమర రెక్కలు తయారుచేసే కంపెనీ. వాళ్ళ ఇంజినీరు స్వయంగా వచ్చి మా ల్యాబ్ చూస్తానన్నది. రావడానికి ముందు తమ పలక పంపి, ఐదు పట్టీలు పరీక్షించి రిపోర్టు పంపమన్నది.

ఐదు పట్టీలూ పై దవడ అంచునే తెగాయి. ఒక్కటీ నడుమన తెగలేదు. అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. రెండోది తెగినప్పుడే కాక కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"సప్పుడు ఒక దిక్కు నుంచే వస్తున్నది మేడం. పట్టీ ఒక మొఖం మీద ఎక్కువ గుంజుకుంటున్నది. దవడ వంకర ఉన్నది."

"ఇప్పుడేం చేద్దాం కాకా?"

"రెండు మొఖాలకు గేజులు అంటిద్దాం. అప్పుడు మనం చెప్పే పని లేదు, అవే చెప్తయ్."

గేజు అంటే తపాలా బిళ్ళ కంటే చిన్న రేకు. పట్టీ ఎంత సాగుతోందో చెబుతుంది. ముందూ వెనకా ఒక్కొక్కటి అంటిస్తే, రెండూ ఒకేలా సాగాలి. తేడా వస్తే పట్టీ వంగుతోందని అర్థం. నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి ఒక రోజు కావాలన్నాను. ఆయన నీళ్ళు తాగి, రిపోర్టు ఈ సాయంత్రమే పంపాలండి అన్నాడు. అప్పుడైనా నేను కుదరదు అనొచ్చు. అనలేదు. వెళ్ళి కూర్చుని, ఐదు నమూనాలూ తమ ప్రయాణాన్ని పై భాగంలో విజయవంతంగా ముగించాయి అని రాశాను. కింద సంతకం పెట్టాను. కాక నా వెనక నిలబడి చూస్తున్నాడని అప్పుడు తెలియదు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. నా సంతకం మాత్రం గుర్తుపట్టగలడు.

"పంపినవా?" అన్నాడు. మేడం లేదు, బిడ్డా లేదు.

"పంపిన," అన్నాను.

ఆయన వెళ్ళి మిషన్ తుడిచాడు. రోజూ తుడిచేదానికంటే ఎక్కువసేపు తుడిచాడు.

విశాఖ నుంచి వచ్చిన ఆ ఇంజినీరావిడకు అరవై ఏళ్ళు ఉంటాయి. నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. లిఫ్టు దగ్గర పూలగుత్తి ఇస్తే తీసుకుని పక్కనున్న కుర్చీలో పెట్టేసింది. మేనేజరు ముందుగా తెర మీద మా కంపెనీ దృక్పథం చూపిస్తానన్నాడు. "తర్వాత చూస్తానండి. మిషన్ ఎక్కడుంది?" అన్నది. అద్దాల గదిలోకి వచ్చి అటూ ఇటూ చూసింది. కుండీలో మొక్క ఉంది. ముందురోజే తెప్పించి పెట్టారు.

"తెగిన ముక్కలేవండీ?" అని అడిగింది.

మేనేజరు నవ్వాడు. మా ఆఫీసులో బల్లల మీద ఏమీ ఉంచకూడదని నియమం ఉందని, సాయంత్రానికల్లా హౌస్‌కీపింగ్ వాళ్ళు అన్నీ తీసేస్తారని, శుభ్రతకు మేము ఎంతో ప్రాధాన్యమిస్తామని చెప్పాడు. ఆవిడ సంచిలోంచి మా రిపోర్టు తీసి కళ్ళజోడు పెట్టుకుంది.

"ఇది ఎవరు రాశారండీ?"

"నేనేనండి," అన్నాను.

"విజయవంతంగా ప్రయాణం ముగించాయి అంటే ఏమిటమ్మా?"

మేనేజరు నా వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపేమీ లేదు, బతిమాలడమే ఉంది. ఆయనకు ఇంటి లోను ఉందని, పిల్లవాడు పదో తరగతిలో ఉన్నాడని నాకు తెలుసు. అయినా ఆవిడ ఆ మాటను అంత మామూలుగా చదివేసరికి, నేను రాసింది నాకే మొదటిసారి వినబడింది.

"విరిగాయండి," అన్నాను.

"ఎక్కడ?"

"పై దవడ అంచున. ఐదూ అక్కడే."

"మరి ఈ అంకెలు?"

"పనికిరావండి."

మేనేజరు నీళ్ళ కోసం చూశాడు, అద్దాల గదిలోకి నీళ్ళ సీసాలు తేకూడదని నియమం. అప్పుడు కాక ముందుకు వచ్చాడు. డెమో జరిగేటప్పుడు ఆయన తలుపు పక్కన నిలబడాలని, అడిగితే తప్ప మాట్లాడకూడదని ముందే చెప్పి ఉంచారు. ఆయన మాట్లాడలేదు కూడా. తన డబ్బా తెరిచి, పాత న్యూస్ పేపరులో చుట్టిన ముక్కల్ని బల్ల మీద వరుసగా పేర్చాడు. ఒక్కొక్కదాని మీద పెన్సిల్‌తో నంబరు వేసి ఉంది. హౌస్‌కీపింగ్ వాళ్ళు రాకముందే తీసి దాచాడన్నమాట.

ఆవిడ ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసింది. "పట్టు వంకరగా ఉందేమోనండీ," అన్నది, ఆయన్నే చూస్తూ.

"అవును మేడం. గేజులు అంటిచ్చిన పట్టీ ఒకటున్నది, రెండు దిక్కుల అంటిచ్చిన. మీరు సరే అంటే గుంజి చూపిస్త."

అంటే నేను రిపోర్టు పంపిన తర్వాత ఆయన ఒక్కడే కూర్చుని, ఆరో పట్టీకి గేజులు అంటించి సిద్ధంగా ఉంచుకున్నాడు.

భోజనాల వేళ ఇంకా కాలేదని మేనేజరు చిన్నగా గుర్తుచేశాడు. తెంపం, కొంచెమే లాగుతాం అని నేను చెప్పాను. పట్టీ బిగించాం. స్క్రీన్ మీద రెండు గీతలు మొదలయ్యాయి. కలిసి పైకి వెళ్ళాల్సినవి మొదట్లోనే విడిపోయి, ఒకటి ఎగబాకుతుంటే రెండోది బద్ధకంగా నేల మీదే పాకింది. ఏమీ తెలియనివాడికి కూడా ఏదో తేడాగా ఉందని అర్థమయ్యేంత దూరం.

మేనేజరు ఆ రెండు గీతల్నీ చాలాసేపు చూశాడు. ఆయన ఇంజినీరింగ్ చదివినవాడేనని ఆరోజు గుర్తొచ్చింది, ఆయనకు కూడా గుర్తొచ్చిందనుకుంటాను. "ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు కాకతో, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"చెప్పిన సార్. మీరు స్టిక్కర్ చూపిచ్చిన్రు."

ఆవిడ వెళ్ళేటప్పుడు కోపంగా ఏమీ లేదు. పని మీకే ఇస్తాను, మిషన్‌ని గట్టి నేల మీద పెట్టి, దవడలు సరిచేసి, మళ్ళీ క్యాలిబ్రేషన్ చేయించి, గేజుల గీతలు పంపండి, అవి నచ్చితే పలకలు పంపుతాను అన్నది. నాతో మాత్రం లిఫ్టు దగ్గర ఆగి, "నీకు అన్నీ తెలుసు కదమ్మా," అన్నది. దానికి జవాబు చెప్పడం కంటే లిఫ్టు బటన్ నొక్కడం తేలికనిపించింది.

తర్వాత జరిగినవి చకచకా జరిగాయి. మిషన్ మళ్ళీ ముక్కలై బాలానగర్ వెళ్ళింది. దాంతోపాటు మేమిద్దరమూ వెళ్ళాం. పోతూపోతూ నాకు ఇంకో బహుమతి వచ్చింది. ధైర్యంగా పారదర్శకత చూపినందుకు అట. నేను ధైర్యం చూపింది ఎవరికి వ్యతిరేకంగానో ఆ కార్డులో రాయలేదు. కాకకు ఏమీ రాలేదు, ఆయన ఉద్యోగ హోదా బహుమతుల జాబితాలో లేదట. అద్దాల గది ఖాళీగా ఉంటే బాగుండదని అందులో గోడంత తెర పెట్టారు. మిషన్ పట్టీని లాగుతున్న వీడియో రోజంతా దానిమీద తిరుగుతుంటుందని, శబ్దం తీసేశారు కాబట్టి కింది అంతస్తు వాళ్ళు కూడా సంతోషంగా ఉన్నారని విన్నాను. వచ్చినవాళ్ళు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారట. మిషన్ ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువమంది వస్తున్నారని మేనేజరు ఫోన్‌లో చెప్పాడు. ఆయన గొంతులో సంతోషమో దిగులో నాకు తెలియలేదు.

దవడలు సరిచేయడానికి మాకు రెండు రోజులు పట్టింది. కాగితంలాంటి సన్నటి రేకులు పెట్టి తీసి, పెట్టి తీసి, గేజుల గీతలు రెండూ ఒకదాని మీద ఒకటి పడేదాకా కాక నన్ను కూర్చోనివ్వలేదు. మొదటి పట్టీ నడుమన తెగి, రెండు చివర్లూ చీపురు కుచ్చుల్లా విచ్చుకున్నాయి. ఆయన వాటిని చూసి, "చాయ్ తాగుదాం పా బిడ్డా," అన్నాడు. రిపోర్టు సంగతి ఆయన ఇప్పటిదాకా ఎత్తలేదు. ఎత్తితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు పట్టీలు కోయడం నేనూ నేర్చుకుంటున్నాను. పోగుల దిశకు గీత ఏమాత్రం పక్కకు పోయినా బలం తగ్గిపోతుంది, కాబట్టి కత్తి పెట్టేముందు ఆయన నాచేత రెండుసార్లు గీయిస్తాడు. మొన్న గ్లౌజు తీసి అంచు తడిమాను. కార్బన్ ముల్లు ఒకటి వేలిలో దిగింది. కంటికి సరిగ్గా ఆనదు, ముట్టుకుంటే మాత్రం ప్రాణం పోతుంది. ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. మా అమ్మ గోపన్‌పల్లిలో పొలాలున్నప్పుడు రోజూ కలుపు తీసిన మనిషి, ముళ్ళు తీయడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. కిటికీ దగ్గరకు లాక్కుపోయి, పిన్నీసుతో వేలిని గుచ్చుతూ, "ఏంది బిడ్డా గిది, గింత నల్లగున్నది. ఏం చెట్టుది?" అన్నది.

"చెట్టుది కాదమ్మా. మా పనిది."

"చదువుకున్నోళ్ళ పనిల గూడ ముండ్లుంటయా?" అని ఆశ్చర్యపోయి, నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.